శుద్ధి కేంద్రాల బురద మన చలకల్లో వేయవచ్చా?

(నల్గొండ స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

వ్యాఖ్యాత: హైదరాబాద్ మురుగును మోసుకొచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ ఈ ప్రాంత రైతులకు కొత్త కాదు. ఆ మురుగును శుద్ధి చేయగా మిగిలే బురద గురించి ఈరోజు మాట్లాడుకుందాం. ఒక్క అంబర్‌పేట కేంద్రమే రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యంతో కట్టినది.

రైతు: మూసీ కత్వల (చిన్న ఆనకట్టల) కింద నాట్లకు దిగితే కాళ్లు దురద పెడతాయని మా వలిగొండ వైపు అందరికీ తెలుసు. అయినా పశువులు తగ్గి పెంట దొరకని ఈ రోజుల్లో ఎవరైనా ట్రాక్టర్ బురద ఊరికే ఇస్తామంటే వద్దనడం కష్టం. శుద్ధి చేసిందే కదా, ఇంకా భయమెందుకు సార్?

నేల శాస్త్రవేత్త: శుద్ధి అయ్యేది నీరు, అందులోంచి తీసిన మలినాల్లో చాలా భాగం చేరేది బురదలోకే. దానిలో నత్రజని, భాస్వరం ఉన్న మాట, పైరు పచ్చబడే మాట నిజమే. కానీ పరిశ్రమల నీరు ఇళ్ల మురుగుతో కలిసిన చోట కాడ్మియం, సీసం, నికెల్, క్రోమియం కూడా అందులో పేరుకుంటాయి. ఎంత మాగబెట్టినా, ఎండబెట్టినా లోహం నశించదు. సేంద్రియ పదార్థం కుళ్లి బరువు తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో దాని పాలు పెరుగుతుంది కూడా. బంకమన్ను తక్కువగా ఉండే మన ఎర్ర చలకలు నల్లరేగడిలా లోహాన్ని పట్టి ఉంచలేవు, అందువల్ల అది మొక్కకు సులువుగా అందుతుంది; పాలకూర వంటి ఆకుకూరలు కాడ్మియాన్ని బాగా పీల్చుకుంటాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్టణ కంపోస్టులో కిలోకు కాడ్మియం 5, సీసం 100 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ పరీక్ష కాగితం చూపించని లోడును నేనైతే పొలంలో దించనివ్వను.

వైద్యురాలు: కాడ్మియం మూత్రపిండాల్లో దశాబ్దాల పాటు నిలిచిపోతుంది. నెమ్మదిగా చేరే విషం ఎంత ఆలస్యంగా బయటపడుతుందో ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగినవాళ్లను చూసిన ఈ జిల్లాకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇక ఏలికపాముల గుడ్లు మట్టిలో నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి బతుకుతాయి. అందుకే అమెరికా 1993 నిబంధనల్లో, సూక్ష్మజీవులు పూర్తిగా పోని బురద వేసిన పొలంలో 30 రోజుల దాకా పశువులను మేపకూడదని, మట్టికి తగిలే కాయగూరలను 14 నెలల దాకా కోయకూడదని రాశారు. మన దగ్గర చెప్పుల్లేకుండా కలుపు తీసే ఆడవాళ్ల గురించే నాకు ఎక్కువ దిగులు.

వ్యాఖ్యాత: బురదను పూర్తిగా నిషేధించిన చోట్లు ఉన్నాయా?

నేల శాస్త్రవేత్త: అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 2022లో నిషేధించింది. నీరు, నూనె అంటకుండా వస్తువులకు వాడే, మామూలు శుద్ధికి లొంగని పీఫాస్ (PFAS) రసాయనాలు అక్కడి పొలాల్లోకి, పాలలోకి చేరడమే దానికి కారణం.

రైతు: పత్తి తినే పంట కాదు కదా, దానికి వేస్తే?

నేల శాస్త్రవేత్త: దూదిని తినము, నిజమే. కానీ గింజ చెక్కగా మారి మీ బర్రె గంపలోకే వస్తుంది కాబట్టి పత్తికైనా ఆ పరీక్ష కాగితం అడగండి.