రాక్ గార్డెన్‌కి వెళ్తే ముందు నేలకేసి చూడండి

[షాట్: కెమెరా నేల మీదే ఉంది. ఓ రాయి అడుగు, చుట్టూ కంకర. వెనక పిల్లల గోల.]

ఈ రాయి చూశారా? మోకాలెత్తు ఉంది కదా. కానీ ఇది మోకాలెత్తు రాయి కాదు. ఇంకో జానెడుకు పైగా మట్టిలో ఉంది. మీరు దీని మీదెక్కి ఎన్ని ఫొటోలు దిగినా ఇది కదలకపోవడానికి కారణం ఆ కనబడని ముక్కే.

[షాట్: బెంచీ మీద నేను. వెనక రాళ్ళ గుట్ట, కిత్తనార మొక్కలు.]

నమస్తే అండీ. వైజాగ్‌లో ఓ పార్కుకి వచ్చాం. ఇందులో చిన్న రాక్ గార్డెన్ ఉంది. పార్కు పేరు కావాలనే చెప్పట్లేదు. పేరు చెబితే టికెట్టెంత, పార్కింగ్ ఎక్కడ అనే దగ్గరే మాట ఆగిపోతుంది. ఇవాళ చెప్పేది మీ వీధి చివర పార్కులో నాలుగు బండలున్నా పనికొస్తుంది.

మనం రాక్ గార్డెన్‌లో చేసే పని ఒకటే. ఎక్కుతాం, ఫొటో దిగుతాం, దిగిపోతాం. మూడు నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత మురీ మిక్చర్ బండి దగ్గరకి. నేనూ అంతే, కిందటేడు దాకా. అప్పుడు వేరే ఓ పార్కులో ఇలాగే రాయెక్కి నించున్నా. మా చెల్లి ఫోన్ పట్టుకుని "ఇంకొంచెం పక్కకి అన్నయ్యా" అంది. పక్కకి జరిగా. నాతో పాటు రాయీ జరిగింది. చీలమండ బెణికి పది రోజులు మంచం మీదే. అమ్మ ఉప్పు కాపడం పెడుతూ రోజూ ఒకటే తిట్టు: "రాళ్ళెక్కే వయసా నీది?" ఆ పది రోజులూ నా బుర్రలో తిరిగింది మాత్రం ఇంకో ప్రశ్న. పార్కులో పెట్టిన రాయి అసలెందుకు కదిలింది?

[షాట్: తోటమాలి గునపంతో రాయి పక్కన మట్టి తీస్తున్నారు. ముఖం చూపించం, చేతులే.]

జవాబు ఇక్కడి తోటమాలి బాబాయ్ దగ్గర దొరికింది. కెమెరాలో చేతులు చూపిస్తే చాలన్నారు.

"బాబాయ్, రాయి పెట్టాలంటే ఎంత లోతు తవ్వాలి?"

"రాయిని బట్టి బాబూ. మూడో వంతు గోతిలో ఉండాల. పైన పెట్టేసి ఒగ్గేస్తే అది రాయి కాదు, సామాను. ఎవడో లారీలోంచి దింపి మర్చిపోయినట్టు ఉంటాది."

నిజంగానే అంతే. బాగా కట్టిన రాక్ గార్డెన్‌లో రాయి అక్కడే పుట్టినట్టు కనబడాలి. కింద పెద్ద బండ ఉంది, వానలకి మట్టి కొట్టుకుపోయి దాని వీపు బయటపడింది అనిపించాలి. అందుకే వెడల్పుగా ఉండే వైపు కిందకి దింపుతారు. రాయి చుట్టూ మట్టి కొంచెం కొంచెంగా పోస్తూ, గునపం మొనతో కూరుతూ గట్టి చేస్తారు. చివర్లో బాబాయ్ చేసే టెస్టు చూడండి.

[షాట్: ఆయన రాయి అంచు మీద నించుని అటూ ఇటూ ఊగుతున్నారు. రాయి కదల్లేదు.]

ఇదే టెస్టు నేను కిందటేడు చేసి ఉంటే పది రోజులు మిగిలేవి. ఒక కాలు పెట్టి నొక్కి చూసి, ఆ తర్వాతే పిల్లల్ని ఎక్కించండి.

[షాట్: చెంబుతో రాయి నెత్తి మీద నీళ్ళు పోస్తున్నారు. బాగా దగ్గరగా, నీటి దారి వెంట కెమెరా.]

ఇది నాకు బాగా నచ్చింది. చెంబుడు నీళ్ళు రాయి మీద పోశారు. మన వైపు పడాలి కదా? పడలేదు. వెనక్కి వెళ్ళాయి. రాయిని కొంచెం వెనక్కి వాల్చి పాతారు, కంటికి తెలియనంత వాలు. ఆ నీరు సందులోకి దిగి, అక్కడున్న బిళ్ళగన్నేరు వేళ్ళ దగ్గరకి చేరింది. అంటే వాన పడ్డప్పుడల్లా ఈ రాయి మొక్కకి నీళ్ళు పోస్తోంది. పైన ఎండకి రాయి కాలిపోతున్నా అడుగున మట్టి చల్లగా, చెమ్మగా ఉంటుంది. రాళ్ళ సందులో మొక్క బతకడానికి రహస్యం అక్కడుంది.

మరి అక్టోబరు సంగతేంటి? మన దగ్గర తుపానంటే రోజుల తరబడి ముసురు. కలబంద, బ్రహ్మజెముడు, ఎడారి గులాబీ లాంటివి నీళ్ళు లేక చచ్చిపోవడం తక్కువ, నీళ్ళు నిలబడితే మాత్రం మొదలు కుళ్ళిపోతాయి. అందుకని గుట్ట అడుగున ఇటుక ముక్కలు, రాళ్ళ ముక్కలు పరిచి, దాని మీద ఇసుక కలిపిన మట్టి పోస్తారు. మొక్క మెడ చుట్టూ ఈ కంకర ఉంది చూడండి, ఇది అందం కోసమే కాదు. తడి మట్టి మొదలుకి అంటుకోకుండా ఆపుతుంది. పిల్లలు ఈ కంకర ఏరి కొలనులోకి విసురుతుంటే బాబాయ్‌కి కోపం వచ్చేది ఇందుకే. మనకి అది గుప్పెడు రాళ్ళు, ఆయనకి అది మొక్క చొక్కా.

[షాట్: రాళ్ళ పక్క నుంచి. చారలన్నీ ఒకే దిక్కుకి.]

ఇప్పుడు చారలు చూడండి. ఒక్కో రాయిలో పొరలు పొరలుగా గీతలున్నాయి కదా. ఈ మూడు రాళ్ళలో గీతలన్నీ ఒకే వాలులో ఉన్నాయి. కొండ మీద అయితే అలాగే ఉంటాయి, అందుకని పెట్టినవాళ్ళు దాన్ని పట్టుకున్నారు. అక్కడ చివర్లో ఒకటి అడ్డంగా ఉంది, చూశారా? అది తర్వాత ఎవరో తెచ్చి పెట్టింది. కొత్తగా పెళ్ళైన ఇంట్లో దూరపు చుట్టంలా నించుంది.

[షాట్: భూతద్దం. రాయి మీద ఎర్ర చుక్కలు. వేలి గోరు పక్కన పెట్టి.]

ఈ ఎర్ర చుక్కల కోసమే మా మేనల్లుడి భూతద్దం తెచ్చా. తుప్పు అనుకుంటారు చాలామంది. తుప్పు మరకలూ ఉంటాయి గానీ, ఈ గుండ్రంగా దానిమ్మ గింజల్లా ఉన్నవి గార్నెట్లు. నగల షాపులో గోమేధికం అని అమ్మేది కూడా ఈ కుటుంబమే. సుత్తి తెచ్చుకోకండి, ఇవి ఉంగరానికి పనికొచ్చే రకం కాదు.

ఈ రాయి పేరు ఖోండలైట్. తూర్పు కనుమల్లో ఉండే ఖోండ్ గిరిజనుల పేరు మీద పెట్టారు. సింహాచలం కొండలు, కైలాసగిరి అంతా ఎక్కువగా ఇదే. ఒకప్పుడు ఇది బురద. అవును, మామూలు బంకమట్టి. అది భూమి లోతుల్లోకి వెళ్ళి, 800 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో, పైనున్న బరువు కింద నలిగి, సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట ఇలా మారింది. మట్టిలో ఉన్న ఇనుము, అల్యూమినియం కలిసి ఈ గార్నెట్లయ్యాయి. మనం కూర్చుని పల్లీలు తినే బండ అన్నమాట ఇది.

కోణార్క్ సూర్య దేవాలయం కట్టింది కూడా ఎక్కువగా ఖోండలైట్‌తోనే, 13వ శతాబ్దంలో. ఉప్పుగాలికి ఇది నెమ్మదిగా పొడిపొడి అవుతుంది. అక్కడి శిల్పాల ముక్కూ ముఖం అరిగిపోవడానికి అదీ ఒక కారణం. ఇక్కడ కూడా సముద్రం వైపు ఉన్న రాయి మీద చెయ్యి రుద్దితే ఇసుక రాలుతుంది. రుద్దకండి, నేను ఒక్కసారి చూపిస్తా.

[షాట్: అరచేతిలో రాలిన పొడి.]

పక్కనే ఈ నల్లటి రాయి చార్నొకైట్. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నొక్ సమాధి మీద ఉన్న రాయిని బట్టి ఆ పేరొచ్చింది. గట్టిది, బరువైనది, మధ్యాహ్నం పెనంలా కాలుతుంది. చిన్నపిల్లల్ని దీని మీద కూర్చోబెట్టకండి.

[షాట్: వంపు తిరిగిన దారి. పెద్ద రాయి వెనక దారి మాయమవుతుంది.]

దారి తిన్నగా ఎందుకు లేదో గమనించారా? ఆ బండ దాటితే గానీ కొలను కనబడదు. జపాన్‌లో క్యోటోలోని రియోఆన్‌జీ గుడిలో 15 రాళ్ళున్న తోట ఉంది. వసారాలో ఎక్కడ కూర్చున్నా కనీసం ఒక రాయి దాక్కుంటుంది. మన పార్కు కట్టినవాళ్ళు అది చూసి కట్టారో లేదో గానీ, దాచిపెట్టి చూపించడం మాత్రం ఇక్కడా ఉంది. చండీగఢ్ రాక్ గార్డెన్ పూర్తిగా వేరే కథ. నేక్‌చంద్ అనే రోడ్ ఇన్‌స్పెక్టర్ 1957 నుంచి ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పకుండా, పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, రాళ్ళు పోగేసి కట్టాడు. 1976లో జనానికి తెరిచారు. అక్కడ తోట కంటే బొమ్మలే ఎక్కువ.

సరే, మీరు వచ్చేటప్పుడు. పొద్దున్న ఎనిమిదిలోపు గానీ, సాయంత్రం ఐదు దాటాక గానీ రండి. ఏటవాలు వెలుతురులో చారలు, చుక్కలు బాగా తేలతాయి. జారని చెప్పులు వేసుకోండి. కొలను పక్క రాళ్ళకి పాచి ఉంటుంది. సందుల్లో చేతులు పెట్టొద్దు, తేళ్ళుంటాయి. తొండ కనిపిస్తే వదిలేయండి, ఈ తోటకి అసలు యజమాని అదే. ఇక రాయి మీద పెయింటుతో పేర్లు రాసే ప్రేమికులకి నేను చెప్పేదేమీ లేదు, బాబాయ్ చెబుతారట, గునపంతో.

[షాట్: బీచ్ రోడ్. తెన్నేటి పార్కు మెట్ల నుంచి కిందకి. అలలు, నల్లబడ్డ బండలు.]

ఇక్కడితో ఆపేద్దామనుకున్నా గానీ, మా చెల్లి "అసలుది చూపించవా" అంది. అందుకని తెన్నేటి పార్కుకి వచ్చాం. విశాఖ ఉక్కు కోసం పోరాడిన తెన్నేటి విశ్వనాథం గారి పేరు మీద ఉన్న పార్కు. కింద ఒడ్డున ఉన్న ఈ బండల్ని ఎవరూ పాతలేదు. అయినా చూడండి, అడుగు మట్టిలోనే ఉంది, చారలు ఒకే వాలు, సందులో ఏదో మొక్క. బాబాయ్ అక్కడ చేసే పనికి నమూనా ఇక్కడుంది. అలల దగ్గరి బండల మీదకి మాత్రం వెళ్ళకండి, ఈ సముద్రం వెనక్కి లాగేస్తుంది. మేమూ పైనుంచే తీస్తున్నాం.

[షాట్: నీటికి దూరంగా పొడి ఇసుక. లేత ఎరుపు, నలుపు చారలు. గుప్పెడు ఇసుక, భూతద్దం.]

ఇక్కడ ఇసుకలో ఎర్రటి చార కనబడుతోందా? భూతద్దం ఇలా పట్టు చెల్లీ. ఇంకొంచెం కిందకి. అదిగో, పొద్దున్న పార్కు రాయిలో చూసిన దానిమ్మ గింజలే ఇవి. కొండ అరిగి ఇక్కడిదాకా వచ్చాయి. నల్లగా ఉన్నవి వేరే ఖనిజాలు, వాటి కోసం అయస్కాంతం తేవాలి. ఇవాళ మర్చిపోయా.

[షాట్: వేళ్ళ సందుల్లోంచి ఇసుక జారుతోంది.]