చలివేంద్రం లేని దారి

శ్రోతలకు నమస్కారం. చైత్రం వచ్చిందంటే హనుమాన్ దీక్షాపరులు కాషాయ బట్టల్లో, చెప్పులు లేని కాళ్లతో కొండగట్టు దారి పడతారు. ఊరూరా చలివేంద్రం, అడిగినచోట మజ్జిగ. ఆ రెండూ లేని ఒక దారి గురించి ఈ పూట చెబుతాను.

అమెరికాలో పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ అని ఒక కాలిబాట ఉంది. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా దాదాపు 4,265 కిలోమీటర్లు. నెలల తరబడి నడక. మంచు కొండలూ అడవులూ కూడా ఉన్నాయి గానీ ఇప్పుడు వాటి జోలికి వెళ్లను. నాకు కావలసింది మొదటి రోజు ఒక్కటే, అంటే ఎడారి. కాజీపేటలో పెరిగిన మా మేనల్లుడు ఆ దారిన ఒంటరిగా బయలుదేరాడు. వద్దన్నాం. వింటాడా!

కాంపో అనే చిన్న ఊరి దగ్గర, సరిహద్దు కంచె పక్కన బాట మొదలవుతుంది. రాత్రి బస లేక్ మొరేనా దగ్గర. 32 కిలోమీటర్లు, ఇంచుమించు హనుమకొండ నుంచి పరకాల అంత. నడుమ హౌజర్ క్రీక్ అని పటంలో ఒక వాగు ఉంటుంది. పటంలోనే. తరచుగా అందులో ఇసుక తప్ప ఏమీ ఉండదు. అందుకే మావాడు ఆరు లీటర్ల నీళ్లు వీపుకెత్తుకున్నాడు. అంటే ఆరు కిలోలు. గుడారం, తిండి దానికి అదనం.

పొద్దున హాయిగానే సాగింది. పొట్టి పొదలు, గుండ్రాళ్లు, గాలి. చెమట పట్టినట్టే తెలియలేదట. ఆ పొడి గాలికి పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి. మన గోదావరిఖని వాళ్లకు ఆ చారల గురించి నేను చెప్పనక్కర్లేదు.

వాగు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఎదురుగా దాదాపు వెయ్యి అడుగుల ఎక్కుడు, ఆ ఎక్కుడు మీద నీడ లేదు. తల బరువెక్కింది. సీసాల్లో రెండు లీటర్లున్నాయి. దాచుకుందామా, తాగుదామా?

"మామయ్యా, ముఖం చూసి ఆగమని చెప్పేవాళ్లు పక్కన లేరు కదా! నాకు నేనే చెప్పుకున్నాను" అన్నాడు తర్వాత ఫోనులో. లీటరు నీళ్లు తాగి, ఉప్పు పల్లీలు తిని, చెట్టు నీడన పడుకున్నాడు. ఎండ వాలాక ఎక్కాడు. చీకటి పడ్డాక బస చేరాడు.

నేను మెచ్చుకునేది ఆ ఎక్కడాన్ని కాదు, ఆ పడుకోవడాన్ని. దాహమేస్తే నీళ్లు దాచుకోకండి. మళ్లీ చెబుతున్నాను, దాచుకోకండి. ఒంట్లోకి పోయిన నీరే పని చేస్తుంది, సీసాలో ఉన్నది బరువు మాత్రమే. ఉత్త నీళ్లే అదే పనిగా తాగినా ప్రమాదమే, ఉప్పు కూడా అందాలి.

కొండగట్టుకు నడిచేవారు పదకొండు నుంచి నాలుగింటి దాకా నీడన ఆగండి. జోలెలో ఓఆర్ఎస్ పొట్లాలు వేసుకోండి. లీటరుకు అని రాసి ఉన్న పొట్లాన్ని లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసులో కాస్త కాస్త వేసుకుని మిగతాది మడిచి పెట్టుకోవద్దు. కలిపిన నీళ్లు మర్నాటికి మిగిలితే పారబోయండి.