కడప పల్లెబాటల మీద గ్రావెల్ బైక్: గేర్లు తర్వాత, ముందు టైరు చూడండి

అందరికీ నమస్కారం. ఈసారి రివ్యూ గ్రావెల్ బైక్ మీద. జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెలు, మైలవరం కాలవ కట్టలు, గండికోట వైపు పోయే ఎర్రమల బాటలు, వీటన్నిటి మీదా తొక్కి చూసి చెబుతున్నా. నా మాట మొదటే చెప్పేస్తా. మన సీమ పొలంబాటలకు ఇంతకంటే బాగా కుదిరే సైకిల్ నాకు కనబడలేదు. అయితే కొనేటప్పుడు అందరూ గేర్లు అడుగుతారు, బరువు అడుగుతారు, టైరు గురించి అడిగేవాళ్లు తక్కువ. ఈ నేల మీద మీ రైడ్ బాగుంటుందా పాడవుతుందా అన్నది టైరు తేలుస్తుంది.

కొత్తగా చూస్తున్నవాళ్లకు రెండు ముక్కలు. రోడ్ బైక్‌కు ఉన్నట్టే వంపు తిరిగిన హ్యాండిల్, డిస్క్ బ్రేకులు, దానికి 40 మిల్లీమీటర్లో, ఇంకాస్త ఎక్కువో వెడల్పున్న టైరు. తారు రోడ్డు మీద చురుగ్గా పోతుంది, మట్టిబాట వస్తే ఆగదు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియా ఊళ్లో 2006లో మొదలైన రేసు ఈ సైకిళ్లకు బాగా పేరు తెచ్చింది. ఇప్పుడు దాన్ని అన్‌బౌండ్ గ్రావెల్ అంటున్నారు, అందులో పేరున్న పోటీ 200 మైళ్లు, మన లెక్కలో దాదాపు 320 కిలోమీటర్లు. 2022 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా పెడుతున్నారు. కాన్సస్ గురించి ఎందుకు చెప్పానంటే, ఆ రేసు జరిగే ఫ్లింట్ హిల్స్ నిండా చెకుముకి రాయి. అక్కడ టైరు పక్కలు కోసుకుపోయి రేసు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో.

మనకు చెకుముకి బదులు నాపరాయి ఉంది. యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు తిరిగినవాళ్లకు తెలుసు, ఇంటి కప్పు నాపబండ, అరుగు నాపబండ, చేని చుట్టూ కంచెకు నిలబెట్టేదీ నాపబండే. గనుల దగ్గర మిగిలిన చిప్పలు బాట గుంతల్లో పోస్తారు. ఆ చిప్ప అంచు బ్లేడులా ఉంటుంది. అందుకే టైరు నడిమి భాగమే కాదు, పక్కభాగం కూడా మందంగా ఉన్నదే కొనండి. బరువు వంద గ్రాములు పెరిగినా పర్వాలేదు. ఈ విషయంలో నేను రాజీ పడను.

ఇక అసలు శత్రువు ముళ్లు. బాటకు రెండు పక్కలా కంపచెట్లు, కింద పల్లేరు కాయలు. కంప కొట్టి చేనికి అడ్డం వేస్తారు, ఎండిన పుల్లలు బాట మీదికి రాలతాయి. ట్యూబు ఉన్న టైరుతో వస్తే పంక్చర్లు వేసుకోవడానికే పొద్దు సరిపోతుంది. ట్యూబ్‌లెస్ చేయించి లోపల సీలెంట్, అంటే చిల్లు పడితే దాన్ని మూసేసే ద్రవం, పోయించండి. 40 మి.మీ. టైరుకు ఒక్కోదానికి 60 నుంచి 90 మిల్లీలీటర్లు చాలు.

ఇది ఎట్లా పనిచేస్తుందో దగ్గర్నుంచి చూడండి. కెమెరా ఇక్కడ పెడుతున్నా. ఇదిగో కంపముల్లు, టైరు గుబ్బకూ గుబ్బకూ మధ్య అడ్డంగా దిగింది, మొదలు మాత్రమే బయటికి ఉంది. గోటితో పట్టి లాగుతున్నా. బుస్సుమంటూ తెల్లటి ద్రవం చిమ్మింది చూశారా? వెంటనే చక్రం తిప్పి ఆ రంధ్రాన్ని కిందికి తెస్తున్నా, లోపలున్న సీలెంట్ అంతా అక్కడికి చేరుతుంది. బుడగలు చిన్నవయ్యాయి... తగ్గాయి... ఆగిపోయాయి. గాలి కొంచెం పోయింది, నాలుగు పంపులు కొడితే అయిపోతుంది. నాపచిప్ప కోస్తే మాత్రం ఇది చాలదు, రబ్బరు ప్లగ్ గుచ్చాలి. ప్లగ్ కిట్, చిన్న పంపు, ఒక స్పేర్ ట్యూబు మీ దగ్గర ఉండాల్సిందే. పల్లెల్లో పంక్చర్ షాపు దొరుకుతుంది కానీ, ఈ సైకిళ్లకు వచ్చే సన్న ప్రెస్టా వాల్వుకు వాళ్ల పంపు పట్టదు. దానికి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకోండి, చాలా తక్కువ ధర.

ఇంకో సంగతి. సీలెంట్ మన ఎండలకు తొందరగా ఆరిపోతుంది. కంపెనీలు ఎన్ని నెలలని రాసినా, మార్చి దాటితే రెండు నెలలకోసారి తెరిచి చూసుకోండి.

గాలి ఎంత పెట్టాలి? 70 కిలోల మనిషికి, 40 మి.మీ. ట్యూబ్‌లెస్ టైరుకు 30 నుంచి 40 పీఎస్ఐ మధ్య. వెనక చక్రానికి రెండు మూడు ఎక్కువ. రాయిలా గట్టిగా నింపితే వేగం వస్తుందని చాలామంది అనుకుంటారు. గులకరాళ్ల మీద అది నిజం కాదు. టైరు ఎగిరెగిరి పడుతుంది, మీ చేతులు, నడుము లాగేస్తాయి. వంక ఇసుకలో దిగినప్పుడైతే గట్టి టైరు అక్కడికక్కడే కూరుకుపోతుంది.

ఇప్పుడు రేగడి. మైదానమంతా నల్లనేల, చలికాలంలో శనగ చేన్లు పచ్చగా ఉంటాయి, చూడ్డానికి ఎంత బాగుంటుందో. వాన పడిన మర్నాడు మాత్రం ఆ బాటలో దిగకండి. మట్టి టైరుకు చుట్టుకుని, ఫోర్కులో ఇరుక్కుని, చక్రం తిరగడమే మానేస్తుంది. సైకిల్‌ను భుజాన వేసుకోవాలి. అందుకే ఫ్రేములో 45 మి.మీ. టైరు పడుతుందని రాసి ఉంటే 40 వేయించండి, పక్కన సందు మిగలాలి. తడి ఉన్న రోజు కొండవైపు పోవడం మేలు, ఆ రాతినేల తొందరగా ఆరుతుంది.

గేర్ల సంగతి తేలిగ్గా తేల్చేస్తా. ఎక్కుళ్లు ఉన్నాయి కానీ, పొడవైన ఘాట్లు లేవు. ముందు ఒకటే పళ్లచక్రం, అది 40 పళ్లు, వెనక పెద్దది 42 పళ్లు ఉంటే గండికోట దాకా హాయిగా తొక్కొచ్చు.

దారి గురించి ఒక హెచ్చరిక. ఫోన్ మ్యాపును గుడ్డిగా నమ్మకండి. గండికోట జలాశయం నిండాక తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు నీళ్లకింద పోయాయి. పాత బాట పట్టుకుని పోతే నీళ్ల దగ్గర ఆగుతుంది. ఆ ఊళ్లవాళ్లు ఇళ్లు, చేన్లు అన్నీ వదిలి వచ్చారు, అక్కడ ఎవరైనా కనబడితే సరదాగా వీడియో తీసే ముందు ఒక్కమాట అడగండి. దారి కూడా మనుషులనే అడగండి. గొర్రెల మంద తోలుకుపోతున్న పెద్దాయన "యాడికి నాయనా?" అని ఆపి, గండికోటకు అని నేనంటే, "వంక దాటినాక ఎడంపక్క బాట పట్టుకో, కుడిపక్కంతా కంప" అన్నాడు. ఏ యాప్ చెబుతుంది ఆ మాట?

మంద ఎదురైతే దిగి నిలబడండి. మంద కాపలా కుక్కలు పరిగెత్తే సైకిల్‌ను తరుముతాయి, నిలబడినవాణ్ని సాధారణంగా వదిలేస్తాయి. రోడ్డు మీద జొన్నలో, మిరపకాయలో ఆరబోసి ఉంటే దూరంగా పోండి, వాటి మీద తొక్కొద్దు. అది ఒక ఇంటి ఏడాది కష్టం.

ఎప్పుడు రావాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి గట్టిగా కొడుతుంది, అప్పుడు వస్తే పొద్దున పడమర వైపు తొక్కి, తిరుగుదారిలో గాలిని వీపుకు పెట్టుకోండి. రైల్లో వచ్చేవాళ్లు ముద్దనూరులో దిగొచ్చు, అక్కణ్నుంచి జమ్మలమడుగు, ఆపైన గండికోట ఇంకో పదిహేను కిలోమీటర్లు. జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జీ తిని రెండు సీసాల నీళ్లు నింపుకోండి, చేన్ల మధ్య అంగళ్లు ఉండవు. నేను వాడిన దారి జీపీఎక్స్ ఫైల్, అంటే మ్యాపు యాప్‌లో తెరుచుకునే దారి గుర్తుల ఫైల్, కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను, మునిగిన బాటలు అందులోంచి తీసేశాను.