కంచె లోపలి తోడేలు

శ్రోతలకు నమస్కారం.

తోడేలును వన్యప్రాణి ఉద్యానవనంలో, అంటే కంచె లోపల, ఫోటో తీయడం గురించి ఈ ప్రసంగం. అడవిలో తీసిన ఫోటోకే విలువ ఉంటుందని, జంతుశాలలో తీసినది పిల్లల సరదా మాత్రమేనని ఫోటోగ్రాఫర్లలో ఒక అభిప్రాయం బలంగా ఉంది. ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించను. తోడేలు విషయంలో కంచె లోపల ఫోటో తీయడమే చాలామందికి సరైన మార్గమని, అయితే ఆ కంచె ఉన్న సంగతిని చూసేవారి నుండి దాచే హక్కు మనకు లేదని నా దృఢమైన నమ్మకం.

మన దేశపు తోడేలు దట్టమైన అడవిలో తలదాచుకునే జంతువు కాదు. పచ్చిక బీళ్లు, ముళ్లపొదలు, గుట్టల అంచులు, మెట్ట చేలు దాని నివాసం. అందుచేత పులికి అభయారణ్యంలో దొరికే రక్షణ తోడేలుకు చాలాచోట్ల దొరకదు. అది మనుషుల మధ్యనే, మనుషుల కంటపడకుండా బతకాలి. చేలలో మంద నిలిపి, గొంగడి కప్పుకొని రాత్రంతా కావలి ఉండే గొల్ల కురుమలకు తోడేలు అంటే గొర్రెపిల్లను ఎత్తుకుపోయే జంతువు. వారి నష్టం నిజమైనది, దానిని తేలిక చేసి మాట్లాడటం అన్యాయం. మరోవైపు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తోడేలును మొదటి షెడ్యూలులో, పులితో సమానమైన రక్షణతో ఉంచింది. దేశం మొత్తం మీద మిగిలి ఉన్నవి సుమారు 3,000 అని అంచనా.

ఇంత తక్కువగా మిగిలిన జంతువు బొరియ దగ్గరకు కెమెరాలు పట్టుకొని వెళితే ఏమవుతుందో ఆలోచించండి. తోడేలు పిల్లలు కళ్లు తెరవకుండా పుడతాయి, కొన్ని వారాల పాటు బొరియే వాటి లోకం. మనిషి అలికిడి పదేపదే తగిలితే తల్లి పిల్లలను నోట కరుచుకొని మరో చోటికి మార్చవచ్చు, ఆ దారిలో పిల్లలకు ప్రమాదం పొంచి ఉంటుంది. పైగా ఒకరు తీసిన ఫోటోను చూసి, స్థలం పేరు తెలుసుకొని, మరో పదిమంది బయలుదేరుతారు. ఈ కారణం చేతనే, కొత్తగా కెమెరా పట్టినవారు తోడేలు కోసం బీళ్ల వెంట తిరగకుండా మైసూరు వంటి జంతుశాలకో, జైపూర్ దగ్గరి నాహర్‌గఢ్ బయోలాజికల్ పార్కుకో వెళ్లడం మేలని చెబుతాను. అంత దూరం వెళ్లే ముందు మన హన్మకొండ హంటర్ రోడ్డులోని కాకతీయ జంతు ప్రదర్శనశాలలో, అక్కడ ఉన్న జంతువులతోనే, ఇనుప జాలి వెనుక నుండి ఫోటో తీయడం చక్కగా సాధన చేయవచ్చు.

ఆ జాలిని జయించడమే ఇందులో మొదటి విద్య. జాలి ఫోటోలో అడ్డుగీతలుగా పడటానికి కారణం మనం దానికి దూరంగా నిలబడటం. సందర్శకుల కోసం కట్టిన కటకటాలు దాటకుండా, అవి అనుమతించినంత మేరకు లెన్సును జాలికి దగ్గరగా ఉంచి, అపెర్చరును, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, వీలైనంత పెద్దదిగా, అంటే ఎఫ్ 4 లేదా అంతకంటే తక్కువ సంఖ్యకు తెరిచి, జంతువు జాలికి బాగా దూరంగా వెళ్లేవరకు ఆగితే, ఇనుప తీగలు ఫోకస్‌కు అందనంత మసకబారి దాదాపు కనిపించకుండా పోతాయి. ఎండ నేరుగా పడుతున్న జాలి మాత్రం మసకబారినా తెల్లని పొగలా ఫోటో అంతా పరుచుకుంటుంది. అందుకని నీడలో ఉన్న జాలి భాగాన్ని వెతుక్కోవాలి, లేదా మన శరీరం నీడే దాని మీద పడేలా నిలబడాలి. కెమెరా తనంతట తాను ఫోకస్ చేసుకుంటే తరచుగా తీగనే పట్టుకుంటుంది కనుక, ఒకే బిందువు మీద ఫోకస్ పెట్టి దానిని తోడేలు కంటి మీద నిలపాలి. అప్పటికీ కుదరకపోతే చేత్తో ఫోకస్ తిప్పుకోవాలి. కందకం ఉన్న ఆవరణలో ఈ బాధ ఉండదు. అద్దం ఉన్నచోట ఫ్లాష్ అసలు పనికిరాదు, ముదురు రంగు బట్టలు వేసుకుంటే మన ప్రతిబింబం కూడా తగ్గుతుంది.

తోడేలు రంగు మన నేల రంగే: బూడిద, గోధుమ, ఎండుగడ్డి. మధ్యాహ్నపు ఎండలో ఆ బొచ్చు చదునుగా, ప్రాణం లేనట్టు కనిపిస్తుంది. ఉదయం ద్వారం తెరిచిన వెంటనే, మళ్లీ మూసే ముందు పడే ఏటవాలు వెలుతురులో మెడ మీది వెంట్రుకల అంచులు వెలుగుతాయి, పసుపు కళ్లలో మెరుపు పడుతుంది. చలికాలంలో బొచ్చు దట్టంగా ఉంటుంది, వేసవికి రాలిపోయి జంతువు బక్కచిక్కినట్టు కనిపిస్తుంది. అందుకే వేసవి ఫోటోను చూసి జంతువుకు తిండి పెట్టడం లేదని తొందరపడి తీర్పు చెప్పకూడదు. రోహిణి కార్తె ఎండల్లో కెమెరా సంచి తెరవవలసిన అవసరమే లేదు. మాఘం దాకా సాగే చలి పొద్దులే దీనికి అనువైన కాలం. నడిచే తోడేలుకు సెకనులో 500వ వంతు, పరుగెత్తే తోడేలుకు 1,000వ వంతు లేదా ఇంకా ఎక్కువ షట్టర్ వేగం పెట్టండి. మోకాళ్ల మీద కూర్చొని దాని కంటి ఎత్తుకు దిగితే, ఫోటో చూసేవారికి అది తమ ఎదుట నిలిచినట్టే ఉంటుంది.

జంతువుల ఆలనాపాలనా చూసే సిబ్బందిని గౌరవంగా, "అన్నా, వీటికి మేత ఎన్ని గంటలకు పెడ్తరు?" అని అడగండి. కెమెరా పుస్తకాలు చెప్పని సంగతులు వారికి తెలుసు. ఏది ఆడది, ఏది ముసలిది, ఏది దేనికి దారి ఇస్తుంది అన్నది విన్న తర్వాత చూస్తే చెవుల వాలు, తోక ఎత్తు, పెదవి కదలిక మనకు కనబడటం మొదలవుతుంది. కాని ఈల వేసి, రాయి విసిరి, తినుబండారం చూపించి జంతువును మన వైపు తిప్పుకోవడం మాత్రం నేరం. జంతుశాలలో జంతువులను వేధించడాన్ని, మేత పెట్టడాన్ని, చప్పుడు చేసి కలవరపెట్టడాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38జె సెక్షన్ నిషేధిస్తున్నది. కంచె వెంట ఒకే దారిలో అదే పనిగా అటూ ఇటూ తిరిగే తోడేలు ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి. దానిని వేటకు సిద్ధమైన క్రూరమృగంగా చూపే ఫోటో తీయడం ఆ జంతువు పట్ల అబద్ధం చెప్పడమే.

కంచె లోపల చూసినదానిని తోడేలు స్వభావంగా అనుకోవడం వల్ల ఎంత పొరపాటు జరిగిందో చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుశాలలో బంధించిన తోడేళ్లను పరిశీలించి, 1947లో రుడాల్ఫ్ షెంకెల్ వాటి మధ్య ఆధిపత్య పోరాటాలను వర్ణించారు. గుంపులో ఒక అధినేత ఉంటాడని, మిగతావి అతనికి లొంగి ఉంటాయని ప్రపంచమంతా నమ్మడానికి ఆ పరిశీలన ఒక పునాది అయింది. ఆ భావనకు ఎంతో ప్రచారం కల్పించిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మీచ్, కెనడా ఉత్తర కొసన ఉన్న ఎల్స్‌మియర్ ద్వీపంలో 1986 నుండి స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను చూసి, అడవిలోని గుంపు చాలావరకు తల్లి, తండ్రి, వాటి పిల్లలతో కూడిన ఒక కుటుంబమని 1999లో వివరించారు. ఒకదానికొకటి పరాయివైన జంతువులను ఇరుకు చోట కలిపి పెడితే పుట్టే కొట్లాట వేరు, కుటుంబంలోని పెద్దరికం వేరు. కోరలు బయటపెట్టిన రెండు తోడేళ్ల ఫోటో కింద 'రాజ్యం కోసం పోరు' అని రాసే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

రెండవ ఉదాహరణ ఫోటోగ్రఫీకే సంబంధించినది. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహణలో భాగమైన వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో 2009 అగ్ర బహుమతి రాత్రివేళ ఒక పాత గేటును దూకుతున్న తోడేలు ఫోటోకు దక్కింది. ఫోటో అద్భుతంగా ఉంది, అందులో సందేహం లేదు. కాని ఆ తోడేలు మాడ్రిడ్ దగ్గరి ఒక పార్కులో పెంచిన, మనిషికి మచ్చికైన జంతువు అయి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని న్యాయనిర్ణేతలు తేల్చి, 2010 జనవరిలో ఆ బహుమతిని రద్దు చేశారు. ఫోటోగ్రాఫర్ ఆ ఆరోపణను ఒప్పుకోలేదు. పెంపుడు జంతువులను అద్దెకు తెచ్చి తీసిన ఫోటోలను పోటీ నియమాలు అనుమతించవు. అదే ఫోటో కింద పార్కు పేరు ఉండి ఉంటే, ఆ పోటీలో దానికి చోటు దొరికేది కాదు గాని, మచ్చికైన తోడేలును అంత అందంగా చూపిన ఫోటోగా అది నిలిచేది.

మీరు తీసిన ఫోటోను ఎవరికైనా పంపేటప్పుడు, ముఖ్యంగా పత్రికకో పోటీకో పంపేటప్పుడు, దాని కింద ఐదు వివరాలు రాయండి: జంతువు పేరు, తీసిన చోటు, నెల, సంవత్సరం, చివరగా 'ఆవరణలో ఉన్న జంతువు' అన్న మాట. ఆవరణలో తీసిన ఫోటోలకు ప్రత్యేక విభాగం ఉందేమో పోటీ నిబంధనల్లో చూడండి, లేకపోతే పంపకండి. అడవిలో తీసినదైతే మాత్రం బొరియ ఉన్న చోటును, ఊరి పేరును రాయకుండా జిల్లా పేరుతో సరిపెట్టండి. ఫోన్ కెమెరాలు ఫోటోతో పాటు స్థలాన్ని కూడా నమోదు చేస్తాయి కనుక, పంపే ముందు ఆ సమాచారాన్ని తొలగించండి.