సఫారీ పార్కుకు సొంత కారులోనా, పార్కు బస్సులోనా? స్టూడియో చర్చ పూర్తి పాఠం

సింహాలుండే భాగంలో మెల్లగా వెళ్తున్న కారు. దాని సన్‌రూఫ్‌లోంచి నడుము దాకా పైకి లేచి చేతులూపుతున్న పిల్లాడు. వారం రోజులుగా తిరుగుతున్న ఈ వీడియో మీద జరిగిన చర్చ ఇది. ఒకరి మాట మీద మరొకరి మాట పడిన చోట సరిచేయకుండా అలాగే ఉంచాం.

పాల్గొన్నవారు: చాలాకాలం సఫారీ బస్సు నడిపిన మాజీ గైడ్, వన్యప్రాణుల వైద్యురాలు, కుటుంబ ప్రయాణాలు ఏర్పాటు చేసే ట్రావెల్ ప్లానర్, ఇద్దరు పిల్లల తల్లి.

మోడరేటర్: నమస్కారం. పిల్లల్ని తీసుకుని ఒక రోజు సఫారీ పార్కుకి వెళ్లాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి అన్నది ఈ రోజు విషయం. కానీ ఆ వీడియో చూశాక నాకు ముందు ఒకటే అనిపించింది. తీసేవాళ్ల చేతిలో ఫోన్ లేకపోతే ఆ పిల్లాడు అసలు పైకి లేచేవాడా? గైడ్ గారూ, మీరు చెప్పండి.

గైడ్: ఫోన్ సంగతి తర్వాత చూద్దామండి. ఆ కారుకి తెరుచుకునే పైకప్పు ఉంది, ఆపే మనిషి లేడు. పులులు, సింహాల వైపు వెళ్లే పార్కు బస్సులో కప్పు తెరుచుకోదు, ఆపే మనిషి ఉంటాడు. నేను చెప్పేది అంతే. సొంత కార్లు లోపలికి రానివ్వడం మానేయాలి.

ప్లానర్: ఆ ఒక్క వీడియో చూసి అందరికీ...

గైడ్: ఒక్క వీడియో కాదు సార్. 2015లో జొహానెస్‌బర్గ్ దగ్గర ఒక లయన్ పార్కులో కిటికీ అద్దం దించి కూర్చున్న టూరిస్టు మీద సింహం దాడి చేసింది, ప్రాణం పోయింది. 2016లో బీజింగ్ దగ్గర బాదాలింగ్‌లో, సైబీరియా పులులుండే చోట ఒకావిడ కారు దిగింది. పులి ఈడ్చుకెళ్లింది. ఆమెని కాపాడటానికి దిగిన కన్నతల్లి చనిపోయింది. 2018లో నెదర్లాండ్స్‌లోని బేక్సే బెర్గెన్‌లో చిరుతపులి జాతి చీతాలు తిరిగే చోట ఒక కుటుంబం పిల్లలతో సహా కిందికి దిగింది. చీతాలు వెంటపడ్డాయి. వాళ్లు బతికి బయటపడ్డారు. మూడు చోట్లా అద్దం దించడమో, తలుపు తీయడమో జరిగింది. బస్సులో ప్రయాణికుడికి ఆ రెండూ...

వైద్యురాలు: ఒక్క సవరణ. చీతా వేరు, చిరుత వేరు.

గైడ్: సరే డాక్టర్ గారూ, చీతాలే. పరుగెత్తి వచ్చింది అవే కదా.

తల్లి: ఇవన్నీ వింటే ఎవరూ ఇల్లు కదలరండి. నేను ప్లాన్ గురించి మాట్లాడదామని వచ్చాను. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది సింహం కాదు, టాయిలెట్. ఒకసారి లోపలికి వెళ్తే దారి ఒకవైపే ఉంటుంది. ముందు కార్లు కదిలితేనే మనం కదలాలి. దిగడానికి లేదు. నాలుగేళ్ల వాడు మధ్యలో అడిగితే ఏం చేయాలి?

ప్లానర్: ఇదే అసలు ప్రశ్న. మా దగ్గరికి వచ్చే వాళ్లకి నేను మొదట చెప్పేదీ ఇదే. గేటు దగ్గరికి చేరగానే లైన్లో కారు పెట్టకండి. ముందు అందరూ టాయిలెట్‌కి వెళ్లి రండి. చిన్నపిల్లలు నీళ్లు ఎప్పుడు తాగాలో, ఎప్పుడు తినాలో దాన్ని బట్టి లోపలికి వెళ్లే టైమ్ పెట్టుకోండి. మ్యాప్ తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు ఎంతసేపు ఓపికగా కూర్చోగలరో, ఆ రోజు ప్లాన్ అంతే ఉండాలి.

మోడరేటర్: పిల్లలకి ఓపిక లేకపోవడానికి కూడా ఫోన్లే కారణం కాదా?

తల్లి: రెండేళ్ల పిల్లకి ఫోన్ లేకపోయినా ఓపిక ఉండదండి.

గైడ్: బస్సు అయితే తిరిగొచ్చే టైమ్ ముందే తెలుస్తుందమ్మా. కారులో తెలియదు. ముందు వాడు ఖడ్గమృగం దగ్గర ఆగి ఫొటోలు తీసుకుంటే వెనక వంద కార్లు ఆగిపోతాయి. ఇంజిన్ వేడెక్కుతుంది. ఎంతమంది బానెట్ తెరవడానికి దిగబోతే నేను మైక్‌లో అరిచానో మీకు తెలియదు.

ప్లానర్: కారు ఆగిపోతే దిగకూడదు, లోపలే ఉండి హారన్ కొట్టాలి, లైట్లు వేసి ఉంచాలి, రేంజర్ వచ్చేదాకా ఆగాలి. ఇది గేటు దగ్గరే రాసి ఉంటుంది. టికెట్ మీదో మ్యాప్ మీదో పార్కు నంబర్ ఇస్తారు, దాన్ని ముందే సేవ్ చేసుకోవాలి.

తల్లి: చూశారా, ఫోన్ దానికైనా కావాలి.

మోడరేటర్: మాట్లాడటానికి సరే, వీడియోలకి కాదు అంటున్నాను.

వైద్యురాలు: నేను ఇంకా మొదలుపెట్టనేలేదు. ఇద్దరూ జంతువు వైపు నుంచి చూడట్లేదు. అద్దాలు మూసి మెల్లగా వెళ్తున్న కారుకి అక్కడి జంతువులు అలవాటు పడిపోతాయి. వాటికి అది కదిలే ఒక పెద్ద వస్తువు. అందులోంచి మనిషి తల, చేతులు బయటికి వచ్చాయంటే ఆ ఆకారం మారిపోతుంది. పడుకున్న సింహం కూడా తల తిప్పి చూస్తుంది. సన్‌రూఫ్ వద్దనేది అందుకే. గుడ్డ పైకప్పు కార్లని చాలా పార్కులు అసలు రానివ్వవు.

గైడ్: అదే నేను...

వైద్యురాలు: పూర్తి చేయనివ్వండి. కారుకి తాళం, బస్సుకి తాళం అన్నది కాదు సమస్య. తల్లిదండ్రులు గేటు బయటే రెండు పనులు చేయాలి. వెనక తలుపులకి చైల్డ్ లాక్ వేయాలి. డ్రైవర్ దగ్గర ఉండే కిటికీల లాక్ బటన్ నొక్కాలి. సన్‌రూఫ్ మూసి ఉందో లేదో చూసుకోవాలి, అది మూడోది. పిల్లలు బెల్టులో ఉంటే లేచి నిలబడలేరు. మెల్లగా వెళ్తున్నాం కదా అని బెల్టు తీసేస్తారు, అక్కడే వస్తుంది తంటా.

తల్లి: నిజమే. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే బాగా కనిపిస్తుందని అందరూ అంటారు.

గైడ్: బస్సు సీటు ఎత్తుగా ఉంటుంది. ఒళ్లో కూర్చోబెట్టక్కర్లేకుండానే కనిపిస్తుంది.

ప్లానర్: గైడ్ గారూ, సఫారీ పార్కు అనేదే సొంత కారులో వెళ్లి చూడటానికి పుట్టింది. ఆఫ్రికా బయట మొదటిది ఇంగ్లండ్‌లోని లాంగ్‌లీట్, 1966. మరుసటి ఏడు ఫ్లోరిడాలో లయన్ కంట్రీ సఫారీ. జంతువులు తిరుగుతుంటే మనుషులు పెట్టెలో కూర్చోవాలన్నదే ఆ ఆలోచన. ఆ పెట్టె మన కారు. పసిపిల్లలున్న వాళ్లు ఏడుపొస్తే తమ కారులో తాము ఓదార్చుకోగలరు. ముప్పై మంది ముందు బస్సులో...

గైడ్: 1966లో సెల్ఫీలు లేవు సార్.

మోడరేటర్: ఇదిగో, గైడ్ గారు కూడా ఒప్పుకున్నారు. ఫోన్లే!

గైడ్: ఫోన్లు ఉంటే బస్సులో ఉండాలి అంటున్నాను. అద్దం వెనక నుంచి ఎంత తీసుకున్నా ఫర్వాలేదు. బస్సులో డ్రైవర్ బండి చూసుకుంటాడు, మీరు జంతువుల్ని చూసుకుంటారు. కారులో నాన్నగారు ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను పులి మీద, ఒక చెయ్యి కెమెరా మీద.

[ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడారు.]

మోడరేటర్: ఒక్కొక్కరు. కోతుల గురించి ప్రేక్షకులు అడుగుతున్నారు.

ప్లానర్: కోతులుండే భాగానికి చాలా చోట్ల పక్కదారి ఉంటుంది. కారు మీద ప్రేమ ఉంటే ఆ దారి పట్టండి. వైపర్లు, ఏరియల్, కిటికీ చుట్టూ ఉండే రబ్బరు లాగేస్తాయి. నష్టానికి పార్కు బాధ్యత లేదని ముందే బోర్డు పెడతారు. తినేవి కనిపించకుండా డిక్కీలో పెట్టండి.

గైడ్: బస్సుకి వైపర్లు పార్కువే.

తల్లి: మరి జిరాఫీకి తినిపించొచ్చా? పిల్లలు దాని కోసమే వస్తారు.

వైద్యురాలు: పార్కు వాళ్లు వాళ్ల చేత్తో ఇచ్చింది, వాళ్లు చూపించిన చోట మాత్రమే. ఇంటి నుంచి తెచ్చిన బ్రెడ్డు, బిస్కెట్లు పెట్టొద్దు. జిరాఫీలు, జింకలు నెమరువేసేవి. పిండి, చక్కెర ఎక్కువైతే వాటి మొదటి పొట్టలో పులుపు పెరుగుతుంది, ప్రాణం మీదికి రావచ్చు. ఒక్క ముక్కకి ఏమవుతుందని అందరూ అనుకుంటారు. ఆ రోజు వచ్చిన కార్లన్నీ ఒక్కో ముక్క వేస్తాయి. నేను పొట్ట ఉబ్బి పడిపోయిన జింకలకి వైద్యం చేశాను. దయచేసి వద్దు.

మోడరేటర్: అది కూడా వీడియో కోసమే పెడతారు కదా డాక్టర్ గారూ?

వైద్యురాలు: ప్రేమతో పెడతారండి. అందుకే ఆపడం కష్టం.

తల్లి: ఒక మాట. అంత దూరం వెళ్లి చూస్తే సింహాలు పడుకునే ఉంటాయి. పిల్లలు నీరసపడిపోతారు.

వైద్యురాలు: సింహం రోజులో 20 గంటల దాకా విశ్రాంతి తీసుకుంటుంది. అది జబ్బు కాదు, దాని పద్ధతే అంత. పొద్దున, సాయంత్రం కాస్త లేస్తుంది. కాబట్టి తెరవగానే వెళ్లండి, లేదా చివరి టైమ్ చూసుకోండి. చల్లటి రోజు, కొంచెం మబ్బు పట్టిన రోజు మంచిది. కానీ మంచు గడ్డకట్టే కాలంలో జిరాఫీలు జారిపడతాయని లోపలే ఉంచుతారు, అది ముందు కనుక్కోండి. కాళ్లతో నడిచి చూసే భాగం మధ్యాహ్నానికి ఉంచుకోండి. ఇంకొకటి, వెళ్లేముందు పిల్లలకి చెప్పండి. సింహం గర్జిస్తుందని చెప్పి తీసుకెళ్తే ఏడుస్తారు. ఎక్కడ పడుకుందో వెతుకుదాం అని తీసుకెళ్తే వాళ్లే ముందు కనిపెడతారు.

తల్లి: ఇది బాగుంది.

గైడ్: బస్సులో గైడ్ చెప్పేదీ ఇదే. ఆ పొదల కింద చూడండి, తోక కదులుతోంది అని నేను అనకపోతే ఎవరికీ కనిపించదు. కారులో ఎవరు చెబుతారు? అరగంటలో తిరిగేసి ఏమీ లేదని బయటికి వస్తారు.

ప్లానర్: కారులో వెళ్లేవాళ్లు రెండోసారి చుట్టు తిరగొచ్చు, చాలా పార్కుల్లో అనుమతిస్తారు. అయినా ఇది కారా, బస్సా అని ఎందుకు? బేక్సే బెర్గెన్‌లోనే కారు ఉంది, బస్సు ఉంది, పడవ ఉంది, నడక ఉంది. కుటుంబాన్ని బట్టి...

గైడ్: కారులోంచి దిగిందీ అక్కడే!

ప్లానర్: వాక్యం పూర్తి చేయనివ్వండి సార్.

గైడ్: మీరు కార్లకి టికెట్లు అమ్ముతారు, మీకు...

ప్లానర్: నేను రెండూ అమ్ముతాను.

మోడరేటర్: వ్యక్తిగతంగా వద్దు. డాక్టర్ గారూ, అసలు ఈ జంతువుల్ని ఇలా ఉంచొచ్చా అని ఒక ప్రశ్న వచ్చింది.

వైద్యురాలు: దానికి ఇంకో రోజు కావాలి. అడవిలో చాలా దూరం తిరిగే మాంసాహార జంతువులు బంధనంలో ఎక్కువ ఇబ్బంది పడతాయని 2003లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆ లెక్కన విశాలమైన పార్కు బోను కంటే నయం, అడవికి మాత్రం సాటి రాదు. ఇంకోవైపు సిమిటార్ ఓరిక్స్ అనే జింక లాంటి జంతువు ఉంది, వెనక్కి వంగిన పొడవాటి కొమ్ములుంటాయి. అడవిలో ఒక్కటీ మిగల్లేదని 2000లో ప్రకటించారు. బంధనంలో పెంచిన వాటి సంతతిని 2016 నుంచి చాద్ దేశంలో వదిలారు. ఈ రోజు అవి అక్కడ పిల్లల్ని పెడుతున్నాయి. టికెట్ కొనేముందు ఆ పార్కు ఇలాంటి పని ఏదైనా చేస్తోందా అని కుటుంబాలు అడగాలి. పులి పిల్లల్ని ఎత్తుకుని ఫొటో దిగనిచ్చే చోటైతే వెనక్కి వచ్చేయాలి.

మోడరేటర్: ఫొటో! మళ్లీ అక్కడికే వచ్చాం.

గైడ్: పార్కు మంచిదైతే దానికి మంచి బస్సు ఉంటుంది. చూడండి, లోపలికి వెళ్లేటప్పుడు రెండు గేట్లుంటాయి. ఒకటి మూసుకుంటేనే రెండోది తెరుచుకుంటుంది. అంత జాగ్రత్త చేసిన పార్కు, ఆ రెండో గేటు దాటాక మీ కారు తాళాన్ని నమ్ముకుని కూర్చుంటుంది. ఎందుకు నమ్మాలి? ఎండలో మూసిన కారు లోపల 10 నిమిషాల్లోనే 10 డిగ్రీల దాకా వేడి పెరగొచ్చు. ఏసీ ఆగిపోతే అద్దం దించుతారు. దించక ఏం చేస్తారు? పిల్లలున్నారు కదా. అప్పుడు తప్పు వాళ్లదా? కారుని లోపలికి రానిచ్చినవాళ్లది. నేను ఆ సీట్లో కూర్చుని చూశాను. ప్రతి వేసవిలో చూశాను. అద్దం సందులోంచి చిన్న చిన్న వేళ్లు బయటికి వచ్చి ఉంటాయి...

తల్లి: అలాంటప్పుడు గేటు దగ్గరే ఏసీ పని చేస్తోందా అని చూసి పంపొచ్చు కదండీ?

గైడ్: ఎవరు చూస్తారమ్మా, అన్ని కార్లుంటే?

ప్లానర్: ఏసీ సరిగా లేని రోజు బస్సు ఎక్కండి అని నేను కూడా చెబుతాను. అది అందరికీ రూల్ చేయడం...

మోడరేటర్: టైమ్ అయిపోతోంది. ఇవాళ్టి చర్చలో బస్సే మేలన్న వాదన బలంగా వినిపించింది.

ప్లానర్: ఎక్కువసేపు వినిపించిందండి.

మోడరేటర్: చివరగా అందరూ ఒక్క మాటలో. ఫోన్ బ్యాగులో పెట్టి వెళ్లాలా, వద్దా?

తల్లి: నేను అడిగినదానికి జవాబు రాలేదు. బస్సులో మధ్యలో నాలుగేళ్ల వాడు టాయిలెట్ అంటే?

గైడ్: ఎక్కేముందు వెళ్లి రావాలమ్మా.

తల్లి: వెళ్లే వస్తామండి. అయినా అడుగుతాడు. కారులో అయితే డైపర్ వేసి సీటు మీద పాత దుప్పటి పరుస్తాను.

గైడ్: బస్సు వాళ్లతో మాట్లాడి చూడొచ్చు, కొందరు...

మోడరేటర్: సమయం లేదు. నలుగురికీ ధన్యవాదాలు. విరామం తర్వాత వార్తలు.