"పాతిపెట్టబడెను" అన్న మాట దగ్గర

పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి, పాస్టరేట్ కమిటీ పెద్దలకు, స్త్రీల మైత్రి అక్కచెల్లెళ్లకు, వెనక గోడకానుకొని నిలబడిన యూత్‌కు, అందరికంటే ముఖ్యంగా వచ్చే ఆదివారం కన్ఫర్మేషన్ తీసుకోవడానికి బిషప్ అయ్యగారి చేతుల కింద మోకాళ్లూనబోతున్న ఈ పదిహేడు మంది పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు నా వందనాలు.

"మన సంఘ ముఖ్య విశ్వాసాలు" అనే అంశం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు అయ్యగారు. ముప్పై నాలుగేళ్లు బడిలో తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. గంట కొట్టేలోపు పాఠం ముగించడం నాకు అలవాటే. కానీ ఈ పాఠంలో ఒక మాట దగ్గరికొస్తే నేను ముందుకు పోలేను. ఎన్నో ఏళ్లుగా నాకది అట్లాగే జరుగుతోంది.

పిల్లలూ, మీరంతా అపొస్తలుల విశ్వాస ప్రమాణం కంఠతా పట్టారు. నిన్న సాయంత్రం వరండాలో అప్పజెబుతుంటే విన్నాను. చాలా చక్కగా చెప్పారు. మన సంఘ విశ్వాసాలేమిటని ఎవరైనా అడిగితే వేరే పుస్తకం వెతకనక్కరలేదు, అది అప్పజెబితే చాలు. తండ్రియైన దేవుడు, ఆయన అద్వితీయ కుమారుడైన యేసుక్రీస్తు, పరిశుద్ధాత్మ, సంఘం, పాపక్షమాపణ, పునరుత్థానం, నిత్యజీవం, అంతా అందులోనే ఉంది. "సార్వత్రిక సంఘము" అంటే రోమన్ క్యాథలిక్ అని కొందరు అనుకుంటారు. కాదు. అన్ని దేశాల్లో, అన్ని కాలాల్లో ఉన్న ఒకే సంఘం అని దాని అర్థం.

ఇవి ఊరికే రాసిన మాటలు కావు. మనం చెప్పే రెండో ప్రమాణం, నీకయ ప్రమాణం, ఎట్లా పుట్టిందో చూడండి. క్రీ.శ. 325లో, ఇప్పటి టర్కీలో ఇజ్నిక్ అని పిలుస్తున్న నీకయ పట్టణంలో బిషప్పులు కూడారు. 2025కి ఆ సభకు 1700 ఏళ్లు నిండాయి. అరియస్ అనే బోధకుడు "కుమారుడు లేని కాలం ఒకటుండేది" అన్నాడు. అంటే కుమారుడు కూడా సృష్టిలో భాగమేనని. చిన్న తేడాలాగే కనబడుతుంది. కానీ ఆ మాట ఒప్పుకుంటే సిలువ మీద మనకోసం చనిపోయింది దేవుడు పంపిన ఒక గొప్ప ప్రాణి అవుతుంది, దేవుడే దిగివచ్చాడని చెప్పడానికి ఉండదు. అందుకే తండ్రితో ఏకతత్వం గలవాడని అక్కడ గట్టిగా ఒప్పుకున్నారు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ పరిశుద్ధాత్మను గురించిన భాగాన్ని విస్తరించింది.

మన దగ్గరికొస్తే 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అంటే మన సి.ఎస్.ఐ., ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా ఐక్య సంఘం, ఇవి మూడూ కలిశాయి. మన కడప, జమ్మలమడుగు, గుత్తి వైపు లండన్ మిషన్ వాళ్లు నాటిన సంఘాలు ఆ ఐక్య సంఘం నుంచే వచ్చాయి. నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది ఆరోజు కలవలేదు, ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చారు. ఒక్కొక్కరిది ఒక్కో ఆరాధన పద్ధతి. బిషప్పును చూడని సంఘాలున్నాయి, బిషప్పు లేకుండా ఊహించుకోలేని సంఘాలున్నాయి. అయినా ఎట్లా కలిశారు? బైబిలు, అపొస్తలులది, నీకయది అనే రెండు విశ్వాస ప్రమాణాలు, బాప్తిస్మము, ప్రభువు బల్ల, వీటిమీద ఒకటయ్యారు, బిషప్పు పదవినీ అందరూ ఒప్పుకున్నారు. మిగిలినవాటిలో ఎవరి అలవాటు వాళ్లు కొంత ఉంచుకున్నారు.

ఇక మీరు కంఠతా పట్టిన ప్రమాణంలో రెండు పేర్లున్నాయి చూడండి. యేసుప్రభువు కాక ఇద్దరే మనుషులు. ఒకరు తల్లి మరియ. రెండోవాడు పొంతి పిలాతు. ఇంత పవిత్రమైన మాటల మధ్య ప్రభువుకు సిలువ శిక్ష వేసిన ఆ రోమా గవర్నరు పేరెందుకని సండే స్కూల్లో ప్రతి ఏడాదీ ఎవరో ఒక పిల్ల అడుగుతుంది. ఇదంతా ఎప్పుడో ఎక్కడో జరిగిన కథ కాదు, ఫలానా అధికారి ఏలుబడిలో, ఫలానా దేశంలో జరిగిందని చెప్పడానికి ఆ పేరు పెట్టారు. 1961లో ఇప్పటి ఇజ్రాయెల్లోని కైసరయలో తవ్వకాలు జరిపితే పిలాతు పేరు చెక్కిన బండ దొరికింది. సున్నపురాయి బండ. మన కడప బండ కూడా సున్నపురాయే.

బండ అనగానే నాకు మా నాయన గుర్తొస్తాడు.

మా నాయన నాపరాయి గనిలో కూలి. ఎర్రగుంట్ల వైపు. చేతిలో ఉలి, సుత్తి. సాయంత్రం ఇంటికొచ్చి సమాధి బండల మీద పేర్లు చెక్కేవాడు. చదువు మూడో తరగతి వరకే. నేను పలక మీద అక్షరాలు రాసిస్తే ముందు బొగ్గుతో గీసుకొని, తర్వాత ఉలి ఆనించేవాడు. "మ"కూ "య"కూ తేడా నన్ను రెండుసార్లు అడిగేవాడు. చనిపోయినవాళ్ల పేరు తప్పు పడకూడదనేవాడు. మా ఊరి సమాధుల తోటలో ఆరోజుల్లో పెట్టిన నల్లబండల్లో చాలావాటి మీద ఆయన చెక్కిన అక్షరాలే ఉన్నాయి. పేదవాళ్ల దగ్గర డబ్బు తీసుకోలేదు.

1986 మే నెలలో గనిలో బండ జారి ఆయన పోయాడు. పొద్దున పదకొండుకు శవం ఇంటికొచ్చింది. ఎండ ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి పెట్టె వచ్చింది. గుంత తవ్వడానికి పోయినవాళ్లు ఉత్తచేతులతో తిరిగొచ్చారు. తోట గేటుకు తాళం. సంఘ చందా నాలుగేళ్లు బకాయి ఉందట. నెలకు అయిదు రూపాయలు, మొత్తం రెండు వందల నలభై. అది కడితేనే గుంత తవ్వనిస్తామన్నారు. అది ఏ సంఘమో, ఎవరన్నారో చెప్పను. ఆ పెద్దలు ఇప్పుడు లేరు. ఆ తోటలోనే పడుకొని ఉన్నారు.

అమ్మ కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది. ఆదివారం, కుదువ అంగళ్లు మూసేసున్నాయి. మా వీధి చివర టీ అంగడి సాయబును నేను మామా అని పిలిచేవాణ్ణి. ఆయన గల్లాపెట్టె దించి, చిల్లరతో సహా లెక్కబెట్టి ఇచ్చాడు. కమ్మలు ముట్టలేదు. ఆ డబ్బు పట్టుకొని నేను గుడి మెట్ల దగ్గరికి పోతే, అక్కడే కూర్చొని రసీదు రాశారు. కార్బన్ పెట్టి రాసిన రసీదు. పై కాగితం నాకు, కింది కాగితం వాళ్లకు. "సంఘ చందా పాతబకాయి చెల్లు" అని ఉంది. మా నాయన పేరులో "య" బదులు "మ" పడింది. జీవితమంతా ఇతరుల పేర్లు తప్పు పడకుండా చెక్కినాయన.

ఆ రసీదు ఇదిగో, నా జేబులోనే ఉంది. మడతల దగ్గర చినిగిపోతుంటే టేపు అతికించాను. పిల్లలూ, ముందుకొచ్చి చూడండి, ఫరవాలేదు.

భూస్థాపన సాయంత్రం ఆరున్నరకు జరిగింది. అయ్యగారు విశ్వాస ప్రమాణం చెప్పించారు. "సిలువ వేయబడి, చనిపోయి, పాతిపెట్టబడి" అనేసరికి నా నోరు మూతపడింది. నలభై ఏళ్లవుతోంది. ప్రతి ఆదివారం ఆ మాట దగ్గర నా గొంతు ఇంకా ఆగుతుంది.

ఎందుకు పెట్టారు ఆ మాట? చనిపోయాడంటే చాలదా? పౌలు కొరింథీయులకు రాసినప్పుడు కూడా, క్రీస్తు మృతిపొందెను, సమాధి చేయబడెను, లేపబడెను అని ఆ మధ్యమాటను వదలకుండా రాశాడు. ఆయన నిజంగా చనిపోయాడు, మనలాగే మట్టిలోకి దిగాడు అని చెప్పడానికి. మరి ఎవరి సమాధిలో? అరిమతయియ యోసేపు తనకోసం రాతిలో తొలిపించుకున్న కొత్త సమాధిలో. పిలాతు దగ్గరికి పోయి దేహాన్ని అడుక్కున్నాడు యోసేపు. మన ప్రభువు సొంత స్థలం లేకుండా పరుల సమాధిలో పడుకున్నాడు. ఆయన పేరు పెట్టుకున్న మనం ఒక శవాన్ని గేటు దగ్గర ఎట్లా ఆపుతాం? చెప్పండి పెద్దలారా, నేను తప్పు మాట్లాడుతున్నానా?

చందా వద్దనడం లేదు. అయ్యగారి జీతం, కరెంటు బిల్లు, ప్రహరీ గోడ, తోట కాపలా మనిషి, అన్నీ దానితోనే నడవాలి. నేను కట్టాను, కడతాను. కానీ చందా ఎందుకు పుట్టిందో మీకు తెలియాలి. క్రీ.శ. 197 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో తెర్తుల్లియన్ అనే పెద్దాయన తన సంఘాన్ని గురించి రాశాడు. మాలో ప్రతివాడూ నెలకోసారి, ఇష్టమైతే, శక్తి ఉంటే కొంత వేస్తాడు, ఎవరినీ బలవంతపెట్టం అన్నాడు. ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టేవాళ్లు? పేదలకు అన్నం పెట్టడానికి, పేదలను పాతిపెట్టడానికి. విన్నారా? పేదవాడి భూస్థాపనకు చందా పుట్టింది. మనం ఆ చందాతోనే వాడి భూస్థాపన ఆపుతున్నాం.

జూలియన్ అనే రోమా చక్రవర్తి ఉండేవాడు. క్రైస్తవుల మీద అతనికి ఇష్టం లేదు. 362లో తన పూజారికి రాసిన ఉత్తరంలో, ఈ క్రైస్తవులు ఇట్లా పెరగడానికి కారణం పరదేశుల మీద వీళ్లు చూపే దయ, చనిపోయినవాళ్ల సమాధుల విషయంలో వీళ్లు తీసుకునే శ్రద్ధ అని ఒప్పుకున్నాడు. గిట్టనివాడు మన గురించి చెప్పిన సాక్ష్యమది. మన బకాయిల పుస్తకం చూస్తే ఆయన ఏం రాసేవాడు?

చాలా విశ్వాసాలు వదిలేశానని తెలుసు. పరిశుద్ధుల సహవాసం గురించి చెప్పాలనుకున్నాను. బతికున్న మనమూ, మనకంటే ముందు వెళ్లినవాళ్లూ ఒకటే కుటుంబమని దానిలో ఒక అర్థం. మా అవ్వకు చదువు రాదు. ఆ మాట అనేటప్పుడు కళ్లు మూసుకొని, వేళ్లతో నేలను ఒకసారి తాకేది. మా తాత పేరు నోట్లోనే అనుకునేది. నేను దానికంటే బాగా వివరించలేను, అయ్యగారు క్లాసులో చెబుతారు.

ఇప్పుడు నేను అడిగేది ఒకటే. మన సంఘంలో కూడా ఆ నిబంధన ఉంది. బకాయి లేదని సెక్రటరీ చీటీ ఇస్తేనే తోటలో స్థలం. పోయిన డిసెంబరులో ఒక తల్లి ఆ చీటీ కోసం మూడు గంటలు తిరిగింది. ఆమె ఇక్కడే ఉంది, పేరు చెప్పను. బకాయిలుంటే బతికున్నవాళ్ల ఇంటికి వెళ్లి అడుగుదాం. మెల్లగా, వాయిదాల్లో వసూలు చేద్దాం. తీర్చలేనివాళ్లది రద్దు చేద్దాం. పెట్టె గేటు దగ్గరికొచ్చిన రోజు మాత్రం లెక్కల పుస్తకం తెరవొద్దు.

ఆ నిబంధన తీసేయాలని ఒక తీర్మానం రాశాను. సర్వసభ్య సమావేశంలో పెట్టాలంటే సభ్యుల సంతకాలు కావాలి. కాగితం వరండాలో, తాగునీళ్ల డ్రమ్ము పక్కన చిన్న బల్ల మీద పెట్టాను, గాలికి ఎగరకుండా పైన ఒక రాయి ఉంది. మొదటి సంతకం నాది. పెన్ను దారంతో కట్టి ఉంది.

అయ్యగారూ, సమయం దాటింది, క్షమించండి. ప్రార్థన చేసి ముగించండి.