పిల్లల ప్రశ్న వెనకే నడవడం

శ్రోతలకు నమస్కారం.

బండి మీద విజయవాడలో బందరు కాలువ వంతెన దాటుతుంటే, ముందు నిలబడ్డ ఏడేళ్ల పిల్లవాడు "నాన్నా, ఈ నీళ్లు ఎంత జోరుగా పోతున్నాయి?" అని అడిగాడనుకోండి. మామూలుగా రెండు రకాల జవాబులు వస్తాయి. "చాలా జోరుగా" అన్నది ఒకటి. "ముందు ఆరో ఎక్కం అప్పజెప్పు, నీళ్ల సంగతి తర్వాత" అన్నది రెండోది. రెండింటితోనూ ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. మూడో జవాబు ఒకటుంది. "ఆదివారం పొద్దున్నే వచ్చి కొలుద్దామా?"

కొలవడానికి పెద్దవాళ్లు ఇద్దరు కావాలి. రద్దీ మొదలుకాకముందే వెళ్లాలి. ఒకరు వంతెనకు ఎగువ వైపు పిట్టగోడ దగ్గర నిలబడతారు. ఇంకొకరు పిల్లవాడి చెయ్యి పట్టుకుని దిగువ వైపు నిలబడతారు. కాలువ గట్టు దిగాల్సిన పనే లేదు, దిగనివ్వకూడదు కూడా. ఎగువన ఉన్నవారు తొక్క తీయని కమలాపండు ఒకటి, పాడైపోయిందైనా ఫరవాలేదు, నీళ్లలోకి వదిలి చెయ్యి ఊపుతారు. పిల్లవాడు సెల్‌ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కుతాడు. పండు వంతెన కింద నుంచి ఇవతలికి రాగానే ఆపుతాడు. వంతెన వెడల్పు 12 మీటర్లు, పట్టిన సమయం 20 సెకన్లు అనుకుంటే, నీరు సెకనుకు 60 సెంటీమీటర్లు నడిచినట్టు. గంటకు రెండు కిలోమీటర్ల పైచిలుకు. అంటే మనిషి నడక కంటే నెమ్మది! జోరుగా పోతున్నాయనుకున్న నీళ్లు మనకంటే వెనకబడి ఉన్నాయని తెలిసినప్పుడు పిల్లవాడి ముఖం చూడాలి.

ఇక్కడ ఏం తప్పుతుందో కూడా చెప్పుకోవాలి. ఎండుటాకు గానీ థర్మోకోల్ ముక్క గానీ వేస్తే గాలి దాన్ని తోసేస్తుంది, మనం కొలిచేది నీటి వేగం కాదు, గాలి వేగం. కమలాపండు చాలావరకు నీళ్లలో మునిగి తేలుతుంది కాబట్టి గాలికి అంతగా లొంగదు. మూడుసార్లు కొలిస్తే మూడు లెక్కలు వస్తాయి. అప్పుడు "తప్పు చేశావు" అనకండి. గట్టు పక్కన నీరు నెమ్మదిగా, నడిమధ్యలో వేగంగా పోతుంది. ఎందుకంటే గట్టూ, అడుగూ నీటిని ఒరుసుకుని వెనక్కి పట్టుకుంటాయి. అందుకే నీటి పైభాగంలో కొలిచిన వేగాన్ని సుమారు 0.85తో గుణించి మొత్తం నీటి సగటు వేగంగా లెక్కేస్తారు. ఇది ఏడేళ్లవాడికి చెప్పక్కర్లేదు. పదకొండేళ్ల అక్క పక్కనుంటే తనే అడుగుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అదే వంతెన దగ్గర ఆగితే ఇంకో ప్రశ్న దానంతటదే వస్తుంది. నీళ్లేవి? ఎవరు ఆపారు? అక్కణ్ణుంచి 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ దాకా, దాని తలుపుల దాకా నడిచి వెళ్లవచ్చు.

పిల్లల ఆసక్తే ముందు నడిచి, పెద్దలు వెనక నడిచే ఈ పద్ధతికి ఇంగ్లీషు దేశాల్లో అన్‌స్కూలింగ్ అని పేరు. ఆ మాటను 1970లలో వాడుకలోకి తెచ్చింది జాన్ హోల్ట్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు. పేరు కొత్తదే గానీ పని పాతది. పిల్లలు ఇంట్లోనే, పనిచేసే చేతుల పక్కన కూర్చునే పని నేర్చుకోవడం కొండపల్లికి కొత్త కాదు.

ఒక మాట ముందే స్పష్టంగా చెప్పాలి. ఇది పిల్లల్ని గాలికి వదిలేయడం కాదు. బడికి పంపే తల్లిదండ్రులకంటే ఇందులో పెద్దవాళ్లకు పని ఎక్కువ. చెప్పే పని తగ్గుతుంది, గమనించే పని పెరుగుతుంది. పిల్ల దేని దగ్గర ఆగింది, ఎంతసేపు ఆగింది, ఏమంది? దానికి పక్కనే ఏ వస్తువు పెడితే తను ఇంకో అడుగు వేస్తుంది? ఆ పెట్టడంలోనే నేర్పంతా ఉంది.

కొండపల్లి బొమ్మనే తీసుకుందాం. తొమ్మిదేళ్ల అమ్మాయి బొమ్మలకొలువులోని ఏనుగు అంబారీ చేతిలోకి తీసుకుని "ఇంత తేలిగ్గా ఉందేంటి?" అంది. ఆ రోజే చెక్కల మీద పాఠం మొదలుపెడితే ఆ ఆసక్తి సాయంత్రానికి చచ్చిపోతుంది. ఒక బకెట్ నీళ్లు, వంటింటి తూకం, ఇంట్లో ఉన్న నాలుగైదు రకాల చెక్కముక్కలు అందుబాటులో పెట్టి మీ పని మీరు చేసుకోండి. తూచుతుంది, నీళ్లలో వేస్తుంది. మర్నాడో ఆ మర్నాడో "ఇది ఏ చెక్క?" అని తనే అడుగుతుంది. అప్పుడు తెల్లపొణికి అని చెప్పండి. వీలైతే విజయవాడ నుంచి ఒక పూటలో వెళ్లొచ్చే కొండపల్లికి తీసుకెళ్లండి. అక్కడ తల, తొండం, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. అది చూసిన పిల్ల ఇంటికొచ్చి ఊరుకోదు.

మక్కు ఇంట్లో చేయడం కష్టమేం కాదు. రెండు గుప్పెళ్ల చింతగింజలు వేయించి, పైపొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బాలి. నీళ్లు పోసి చిన్న మంట మీద గరిటెజారుగా అయ్యేదాకా తిప్పుతూ ఉడికించాలి. ఈ పొయ్యి పని పెద్దవాళ్లది. చల్లారాక జల్లించిన రంపపు పొట్టు కొద్దికొద్దిగా కలుపుతూ పోతే చపాతీ పిండిలా అవుతుంది. మొదటిసారి ఎండగానే పగుళ్లు వస్తాయి. ఎక్కువగా రెండు కారణాలు. పొట్టు ముతకగా ఉండడం ఒకటి, ఒకేసారి మందంగా పట్టించడం రెండోది. మందపు పొరలో పైభాగం ముందు ఆరి కుంచించుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది. పైపొర చీలుతుంది. పల్చటి పొర వేసి, నీడన ఆరనిచ్చి, మీద ఇంకో పొర వేస్తే నిలుస్తుంది. ఈ సంగతి మీకు ముందే తెలిసినా మొదటి బొమ్మను పగలనివ్వండి. పగిలిన బొమ్మ ముందు కూర్చుని "ఎందుకిలా అయింది?" అని తనకు తను అడుక్కున్న పది నిమిషాల విలువ మీ సలహాకు లేదు.

చాలా ఇళ్లలో ఇది చెడేది సరిగ్గా ఇక్కడే. పిల్లకు ఆసక్తి పుట్టగానే తల్లిదండ్రులు సంబరపడిపోయి దాన్ని లాగేసుకుంటారు. బొమ్మ అడిగితే బొమ్మల కిట్లు నాలుగు కొంటారు, వారానికి రెండు రోజులు క్లాసులో చేరుస్తారు, వచ్చిన మావయ్యకల్లా "చేసి చూపించమ్మా" అంటారు. ఆ పిల్ల మళ్లీ ఆ బొమ్మ ముట్టదు. కొత్త వస్తువు ఒక్కటే పెట్టండి. రెండు వారాలు ముట్టకపోతే మాట్లాడకుండా తీసేయండి. ప్రశ్న రాగానే జవాబు చెప్పకుండా మనసులో పది లెక్కపెట్టండి. చాలాసార్లు ఆ పదిలోపే పిల్ల తన ఊహ తను చెప్పేస్తుంది.

దీనికి తోడు ఒక నోటుపుస్తకం ఉంచుకోవాలి. ఎడమ పేజీలో పిల్ల అన్న మాట, తను అన్నట్టే. కుడి పేజీలో మీరేం అందించారు, ఏమైంది. రోజుకు మూడు వాక్యాలు చాలు, కానీ ఆ రాత్రే రాయాలి, మర్నాటికి మనం మన మాటల్లోకి మార్చేస్తాం. మూడు నెలలకోసారి వెనక్కి తిప్పితే పిల్ల మళ్లీమళ్లీ వచ్చి వాలే కొమ్మ ఏదో తెలుస్తుంది. "పిల్ల ఏం నేర్చుకుంటోంది?" అని తాతయ్య నిలదీసినప్పుడు ఆ పుస్తకమే జవాబు. వాళ్ల ఆందోళన నిజమైనది, కొట్టిపారేయకండి. తాతయ్యనే అందులోకి లాగితే ఇంకా మంచిది. గిద్దె, సోల, తవ్వ, మానిక తెలిసినవారు ఇంట్లో ఇంకా ఉన్నప్పుడే ఆ కొలతలు పిల్లలకు అందాలి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మానికలో ఎన్ని గిద్దెలో బియ్యం పోసి చూసుకున్న పిల్లకు భిన్నాలంటే భయం ఉండదు. ఆవకాయ రోజున కారం, ఆవపిండి, ఉప్పు పాళ్లు పిల్ల చేత కొలిపించండి. గుంటూరులో ఇంతకంటే మంచి నిష్పత్తి పాఠం దొరకదు.

అయితే లెక్కలన్నీ వంటింట్లో వచ్చేస్తాయని అనుకోవద్దు. కొలతలు, డబ్బు, నిష్పత్తి వస్తాయి. బీజగణితం దానంతటది రాదు. పన్నెండు, పదమూడేళ్ల వయసులో పిల్లతో కూర్చుని, "నువ్వు చేయాలనుకున్నదానికి ఇది కావాలి, ఎలా నేర్చుకుంటావు?" అని అడగాలి. పుస్తకంతోనా, మాస్టారితోనా అన్నది తననే తేల్చుకోమనండి. మాస్టారిని పెట్టుకోవడం ఈ పద్ధతికి విరుద్ధం కాదు. పిల్ల కోరి పెట్టుకుంటే చాలు.

చదవడం విషయంలో కాస్త ఆగి మాట్లాడాలి. 56 అక్షరాలూ, ఆ పైన గుణింతాలూ, ఆ పైన వత్తులూ అయ్యాకే మాటలు చదవాలంటే, అర్థం అనేది చివరికెప్పుడో వస్తుంది. ఆలోపు విసుగు వస్తుంది. పిల్లలకు కావలసిన మాటలు ముందు ఇవ్వండి. తన పేరు, అమ్మ, ఇడ్లీ. బస్టాండులో బోర్డులు చూపండి. 'తెనాలి', 'గుడివాడ', 'బాపట్ల'. గుడివాడలో 'డి', 'డ' రెండూ ఒకే మాటలో కనపడతాయి. అక్కడ గుణింతం దానంతటదే అవసరమవుతుంది, అడిగినప్పుడు నేర్పండి. కొందరు ఐదేళ్లకే చదువుతారు, కొందరికి ఎనిమిదేళ్లు పడుతుంది. కానీ ఎదురుచూడ్డానికీ హద్దు ఉంది. చదవాలని కోరిక ఉండి, ప్రయత్నిస్తూ, ఎనిమిది దాటినా అక్షరాలు తారుమారు అవుతుంటే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. తర్వాత నిపుణుల దగ్గర నేర్చుకోవడంలో ఇబ్బందులకు సంబంధించిన పరీక్ష చేయించండి. స్వేచ్ఛ పేరుతో ఆ పరీక్షను వాయిదా వేస్తే నష్టపోయేది పిల్లే.

బడి మానిపించి ఇంట్లో ఉంచుకున్నవాళ్లకు మొదటి నెలలు చాలా కష్టం. పిల్లలు నిద్రపోతారు, టీవీ చూస్తారు, "ఏం తోచడం లేదు" అంటారు. బడిలో గడిపిన ఒక్కో ఏడాదికి ఒక్కో నెల ఇలా పోతుందని ఈ కుటుంబాల్లో ఒక మోటు లెక్క ఉంది. శాస్త్రం కాదు, కానీ కంగారు తగ్గించడానికి పనికొస్తుంది. ఆ రోజుల్లో కొత్త చదువు మొదలుపెట్టకండి. నిద్ర, భోజనం, సాయంత్రం ఇతర పిల్లలతో ఆట, ఈ మూడింటికి మాత్రం వేళ తప్పనివ్వకండి. ఫోను హాల్లో, అందరి ముందు ఉండాలి. ఈ భారమంతా తల్లి ఒక్కదాని మీదే పడితే ఏడాదిలో ఇల్లు అలిసిపోతుంది. వారంలో ఏ రెండు పూటలు నాన్నవో ముందే తేల్చుకోవాలి.

బడి మానిపించే వీలు, ఉద్దేశం చాలామందికి ఉండదు, ఉండక్కర్లేదు కూడా. మన విజయవాడ, గుంటూరుల్లో ఆదివారం కూడా పరీక్షలు పెట్టే బడులున్నాయి. అలాంటప్పుడు వారానికి మూడు గంటలు, ట్యూషనూ హోంవర్కూ ముట్టని మూడు గంటలు పిల్లకు రాసిచ్చేయండి. ఆ గంటల్లో గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువు దగ్గర సాయంత్రం గూళ్లకు చేరే కొంగల్ని, గూడబాతుల్ని చూడవచ్చు. ఒక్క పక్షినే పావుగంట చూడమనండి, పేరు తర్వాత చెప్పవచ్చు.

ఇక చట్టం, సర్టిఫికెట్లు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య హక్కుగా ఇచ్చింది. పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ చెబుతుంది. చేర్పించని తల్లిదండ్రులకు ఆ చట్టంలో శిక్ష రాయలేదు. ఇంటి చదువుకు విడిగా గుర్తింపూ ఇవ్వలేదు. కాబట్టి నోటుపుస్తకం, పుట్టినతేదీ పత్రం, ఆధార్ పక్కాగా ఉంచుకోవాలి.

14 ఏళ్లు నిండాక పదో తరగతికి రెండు దారులున్నాయి. ఒకటి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్. రెండోది మన రాష్ట్రపు సార్వత్రిక విద్యాపీఠం. ఎన్‌ఐఓఎస్‌లో కనీసం ఐదు సబ్జెక్టులు తీసుకోవాలి, తెలుగు మాధ్యమం ఉంది. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది, ఆ ఐదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్షకు కూర్చోవచ్చు. ఒక్కో సబ్జెక్టు ఒక్కోసారి రాసుకుంటూ పోవచ్చు. పరీక్షలు ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరుల్లో జరుగుతాయి. ఇంటి దగ్గర రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది, వాటి గడువు మరచిపోయేవాళ్లే ఎక్కువ. లెక్కలు వదిలేసి ఐదు సబ్జెక్టులు పూర్తిచేసే వీలుంది గానీ, తర్వాత పాలిటెక్నిక్‌కు వెళ్లాలంటే పదిలో గణితం ఉండి తీరాలి. ఆ ఫారం నింపే రోజున పెన్ను పిల్ల చేతిలోనే ఉండాలి, పక్కన ఏ కోర్సుకు ఏం అడుగుతారో రాసిన కాగితం ఉండాలి.

నమస్కారం.